తండ్రి పేరిట అభ్యర్థన: ఇలియడ్, ఈనియడ్ ముగింపుల్లో పౌరనీతి

గ్రీకు, రోమన్ వీరకావ్యాలు పౌరులకు నీతిపాఠాలన్న అభిప్రాయం ప్రాచీనమైనది. ఏథెన్స్‌లో పానథెనైక్ ఉత్సవాల్లో హోమర్ కావ్యాలను బహిరంగంగా వినిపించేవారు. వర్జిల్ రచించిన ఈనియడ్ రోమన్ పాఠశాలల్లో పాఠ్యగ్రంథమైంది. అయితే ఆ నీతి నాయకుని గుణవర్ణనలో ఉందా, కథాగమనంలో ఉందా అన్నది విచార్యం. రెండు కావ్యాల ముగింపు ఘట్టాలను తులనాత్మకంగా పరిశీలిస్తే ఈ విషయం స్పష్టమవుతుంది. రెండింటిలోనూ విజేతకు అతని తండ్రిని గుర్తుచేసి దయ కోరడం కనిపిస్తుంది. ఒకచోట ఆ అభ్యర్థన ఫలిస్తుంది, మరొకచోట విఫలమవుతుంది.

ఇలియడ్ అకిలీస్ క్రోధంతో ఆరంభమవుతుంది. పద్దెనిమిదవ సర్గలో అతనికోసం రూపొందిన డాలుపై శాంతియుతమైన ఒక నగరం చిత్రితమై ఉంటుంది. అక్కడ ఒక హత్యకు చెల్లించవలసిన పరిహారంపై వివాదం రేగగా, పెద్దలు జనం ఎదుట విచారణ జరుపుతారు. పగ స్థానంలో న్యాయవిచారణ నిలవడమే పౌరజీవనానికి పునాది. కాని ఆ డాలు ధరించిన వీరుడే హెక్టర్‌ను చంపి, శవాన్ని రథానికి కట్టి ఈడుస్తాడు. ఇరవై నాలుగవ సర్గలో వృద్ధుడైన ప్రయామ్ శత్రుశిబిరానికి వచ్చి, కుమారుని చంపిన చేతులనే ముద్దాడి, తండ్రి పీలియస్‌ను తలచుకొమ్మని అకిలీస్‌ను వేడుకుంటాడు. ఇద్దరూ విలపిస్తారు. అకిలీస్ శవాన్ని అప్పగించి, అంత్యక్రియలకు గడువిస్తాడు. యుద్ధం ముగియలేదు, పగకు మాత్రం హద్దు ఏర్పడింది.

ఈనియడ్ అంతర్యుద్ధాలతో అలసిన రోమ్‌లో పుట్టింది. క్రీ.పూ. 27లో సెనేట్ అగస్టస్‌కు సమర్పించిన స్వర్ణఫలకంపై పరాక్రమం, క్షమ, న్యాయం, ధర్మనిష్ఠ అనే నాలుగు గుణాలు పేర్కొనబడ్డాయి. కావ్యంలోని ఆరవ సర్గలో ఆంకైసిస్ తన కుమారుడు ఈనియస్‌కు లొంగినవారిని కాపాడాలనీ, గర్వితులను అణచాలనీ బోధిస్తాడు. పన్నెండవ సర్గలో గాయపడిన టర్నస్ ఓటమిని అంగీకరించి, ఆ ఆంకైసిస్ పేరు చెప్పే దయ కోరతాడు. ఈనియస్ తటపటాయిస్తాడు. అంతలో టర్నస్ ధరించిన నడికట్టు కంటబడుతుంది. అది అతని చేతిలో హతుడైన యువకుడు పల్లస్‌ది. ఈనియస్ క్రోధావేశంతో టర్నస్‌ను వధిస్తాడు. కావ్యం అక్కడితో ముగుస్తుంది.

టర్నస్ గర్వితుడు కనుక ఈ వధ తండ్రి బోధకు అనుగుణమేనని వాదించవచ్చు. కాని ఆ క్షణంలో అతడు చేతులు చాచి వేడుకుంటున్నాడు. పల్లస్ తండ్రి ఇవాండర్ పట్ల ఈనియస్‌కు ఉన్న బాధ్యత ప్రతీకారం కోరుతుంది. ఆంకైసిస్ బోధ క్షమను కోరుతుంది. ఫలకంపై పక్కపక్కన ఒదిగిన సుగుణాలు కావ్యంలో పరస్పరం ఢీకొంటాయి.

నాయకుని వలె నడవాలి, ప్రతినాయకుని వలె నడవరాదు అన్నది భారతీయ ఆలంకారికులు చెప్పిన కావ్యోపదేశం. ఇలియడ్ ముగింపు ఈ సూత్రానికి కొంత సన్నిహితం. ఈనియడ్ ముగింపు దీనికి లొంగదు. విజేత చర్యను సమర్థించే మాట గాని, ఖండించే మాట గాని అక్కడ లేదు. అధికారం చేతికి వచ్చిన క్షణంలో క్రోధాన్ని ధర్మంగా భ్రమించే ప్రమాదాన్ని గుర్తించి, తీర్పు చెప్పవలసిన బాధ్యత పాఠకునిదే. వర్జిల్ పౌరునికి అందించిన నీతి ఆ బాధ్యతలోనే ఉంది.