వెనక వరస మాటలు

పోయిన శనివారం రాత్రి ఈ కాలమిస్టు మూడుసార్లు వెనక్కి తిరిగాడు. మొదటిసారి చూపుతో సరిపెట్టాడు. రెండోసారి గొంతు సవరించుకున్నాడు. మూడోసారి తిరక్కుండా ఉండలేక తిరిగి, "శ్‌శ్" అన్నాడు. వెనక కుర్చీలో ఉన్న పెద్దాయన ఏమాత్రం నొచ్చుకోకుండా, ఎంతో మర్యాదగా, "నాటకానికి రావడం మొదటిసారా బాబూ?" అని అడిగారు.

పదేళ్ళుగా ఇదే పేజీలో ఏడాదికి రెండుసార్లయినా పద్యనాటకం గురించి చెవిలో జోరీగలా రాస్తున్న మనిషికి ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.

ఊరు కృష్ణా కరకట్ట దిగువన. తిరునాళ్ళు, గుడి ఎదుట పందిరి, తొమ్మిదింటికని చెప్పి పదిన్నరకి తెర తీసిన 'కురుక్షేత్రం'. వెనక వరసలో నలుగురు. నలుగురికీ భుజాన తువ్వాళ్ళు, ఒకాయనకి చెవిలో మిషను. తెర లేచిన దగ్గర్నుంచి వాళ్ళ మాటలకి తెర పడలేదు. ఈ కృష్ణుడి గొంతు బాగుంది కానీ గుక్క లేదంటారు ఒకరు. గుక్క సంగతి తర్వాత, పాత కృష్ణుడు పీసపాటైతే ఈపాటికి పద్యం చెప్పేసి దుర్యోధనుడి మొహంలోకి చూస్తూ నిలబడేవాడంటారు ఇంకొకరు. ఇంకో పాత కృష్ణుడు షణ్ముఖి అయితే మరో మెట్టెక్కేవాడని మూడో ఆయన. నాలుగో ఆయన మాట్లాడరు. తొడ మీద వేళ్ళతో ఏదో లెక్క వేసుకుంటుంటారు.

తెలియని పిల్లల కోసం ఒక సంగతి. తిరుపతి వేంకట కవులు 'కురుక్షేత్రం' అనే నాటకం రాయలేదు. వాళ్ళు రాసింది 'పాండవోద్యోగం', 'పాండవ విజయం'. ఆ రెండింట్లో జనం ఎగబడే ఘట్టాలు కలిపి కుట్టి, రాత్రంతా ఆడించి, రంగస్థలమే దానికి కురుక్షేత్రమని పేరు పెట్టుకుంది. అందులో కృష్ణుడు ఒక్కడు కాదు. కాంట్రాక్టరు ఒక్కో ఊరి నుంచి ఒక్కో పేరున్న నటుణ్ణి రప్పిస్తాడు. పడక సీనుకి ఒకటో కృష్ణుడు, రాయబారానికి రెండో కృష్ణుడు, యుద్ధభూమికి మూడో కృష్ణుడు. కలిసి రిహార్సలు చేసుకునేది ఉండదు. అందరికీ పద్యాలు వచ్చు, హార్మోనిస్టుకి అందరి శ్రుతులూ తెలుసు, అంతే. శనివారం నాటి రెండో కృష్ణుడు ఒకటో కృష్ణుడి కంటే కనీసం ఇరవై ఏళ్ళు పెద్ద. పడక మీంచి లేచిన మనిషి హస్తినాపురం చేరేసరికి నడివయసు దాటి, బొజ్జ పెంచుకుని, నెమలిపింఛం ఎడమ పక్క నుంచి కుడి పక్కకి మార్చుకున్నాడు. పందిట్లో ఒక్కరికీ అది వింతగా తోచలేదు. పక్కపక్కన పెట్టి పోల్చుకోవడానికే కదా వచ్చారు!

ఈ కాలమ్ పాత పాఠకులకి కాలమిస్టు పట్టుదల తెలుసు. పద్యమంటే మాట. మాట అర్థం కావాలి. ఒక అక్షరం పట్టుకుని రెండు నిమిషాలు రాగం లాగితే కృష్ణుడు సంధికి వచ్చాడో కచేరీకి వచ్చాడో దుర్యోధనుడికే అనుమానం వస్తుంది. ఇది కాలమిస్టు సొంత కనిపెట్టుడేమీ కాదు. నాటకాన్ని సంగీతం మింగేస్తోందని బళ్ళారి రాఘవ (1880–1946) తన కాలంలోనే గట్టిగా వాదించారు. విజయనగరం వైపు నుంచి వచ్చిన పీసపాటి నరసింహమూర్తి (1920–2007) కృష్ణుడి పద్యంలో రాగాన్ని తగ్గించి, మాట విరిచి, భావం చెవిలో పడేలా చెప్పి, అలా చెప్పినా జనం వన్స్‌మోర్ కొడతారని నిరూపించారు. కాలమిస్టు పీసపాటి పార్టీ. ఆ సంగతి దాచుకోలేదు.

రాగం ఇంతలా ఎందుకు పెరిగిందంటే కారణాలు లేకపోలేదు. 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమండ్రి వచ్చి ఆడిన ఆటలు చూసి తెలుగువాళ్ళు నాటకాల మీద పడ్డారు. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఆ దశాబ్దంలోనే నాటకంలో పద్యాలూ పాటలూ దట్టించారు. హార్మోనియం వచ్చి కూర్చుంది. మైకులు లేవు. గ్యాసులైట్ల కింద, ఆఖరి బండి మీద కూర్చున్నవాడికి కూడా వినిపించాలంటే శ్రుతి హెచ్చించాలి, అక్షరాన్ని సాగదీయాలి. అంటే రాగం ఒకప్పుడు లౌడ్‌స్పీకరు చేసే పని చేసింది. మైకు వచ్చాక కూడా అది తగ్గకపోవడమేమిటన్నది కాలమిస్టు కంప్లయింటు.

ఇక్కడ తాతయ్య ప్రస్తావన తేకుండా ఉండటం కుదరదు.

1973 వేసవి. కాలమిస్టుకి తొమ్మిదేళ్ళు. ఊళ్ళో 'హరిశ్చంద్ర'. బలిజేపల్లి లక్ష్మీకాంతం 1912లో రాసిన నాటకం, కాటి సీను కోసం పదూళ్ళ జనం బళ్ళు కట్టుకొచ్చే నాటకం. హరిశ్చంద్రుడు శ్మశానంలో కర్ర పట్టుకుని పద్యం ఎత్తుకున్నాడు. అయిపోగానే వన్స్‌మోర్. మళ్ళీ పాడాడు. మళ్ళీ వన్స్‌మోర్. చదివింపుల మైకులో ఎవరో నూటపదహారు చదివించినట్టు వినిపించింది. పాము కరిచి చచ్చి పడున్న లోహితాస్యుడు మన ఊరి బడి పిల్లవాడే, నాలుగో తరగతి. మూడో వన్స్‌మోర్‌కి వాడి ఓపిక అయిపోయింది. మోకాలి మీద వాలిన దోమని టపీమని కొట్టి, మళ్ళీ చచ్చిపోయాడు. చంద్రమతి ఏడుస్తూనే కొంగు వాడి కాలి మీదికి లాగింది.

అసలు నాటకం మర్నాడు పొద్దున కాఫీ హోటల్లో మొదలైంది. రాత్రంతా మేలుకున్న కళ్ళతో అందరూ అక్కడే. "ఏం మావా, ఎలా ఉంది?" అని ఒకరంటే చాలు, రెండు పక్షాలు. డి.వి. సుబ్బారావు హరిశ్చంద్రుణ్ణి విన్న చెవికి ఇది ఆనుతుందా అని ఒక పక్షం. సుబ్బారావు సుబ్బారావే, ఇతని విరుపు ఇతనిదే అని రెండో పక్షం. బండి తోలే మనిషొకాయన ఉండేవాడు. చదువు రాదు, వేలిముద్ర. ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి లేచి నిలబడి, రాత్రి హరిశ్చంద్రుడు ఎక్కడ తడబడ్డాడో పాడి వినిపించాడు. "ఇక్కడ యతి. యతి మింగేశాడు" అన్నాడు. యతి అంటే ఏమిటని ఆయన్ని అడిగితే చెప్పలేడు. అది లేనిచోట మాత్రం మెట్టు తప్పినవాడిలా ఉలిక్కిపడేవాడు.

తాతయ్యది ఇంకా పాత పక్షం. ఆయన లెక్కలో కపిలవాయి రామనాథశాస్త్రి తర్వాత గొంతే పుట్టలేదు. మైలవరం నాటక సమాజంలో పాడి, గ్రామఫోను రికార్డులతో ఇంటింటికీ వెళ్ళి, నడివయసు రాకుండానే 1935లో పోయిన గాయకుడు. తాతయ్య ఆయన్ని ఎన్నడూ చూడలేదు. కరణంగారి గ్రామఫోను మీద విన్నారంతే. అయినా నిన్న సాయంత్రం పక్కన కూర్చుని కబుర్లు చెప్పుకున్నట్టే మాట్లాడేవారు. ఈలపాట రఘురామయ్యని మాత్రం కళ్ళారా చూశారు. కృష్ణుడు వేలు నోట్లో పెట్టుకుని ఈలతో రాగం తీసిన రాత్రి గురించి చెప్పేటప్పుడు తాతయ్య వేలు కూడా నోటి దాకా వెళ్ళేది. ఈల మాత్రం వచ్చేది కాదు, గాలి వచ్చేది. పిల్లలు నవ్వితే కోప్పడేవారు.

ఆ హోటల్లో జరిగిన ఇంకో తగువు కాలమిస్టుకి చాలా ఏళ్ళ తర్వాత గానీ అర్థం కాలేదు. కాటి సీనులో అందరూ వన్స్‌మోర్ కొట్టిన పద్యాల్లో కొన్ని బలిజేపల్లివి కావని బడిపంతులు అన్నారు. ఎవరూ నమ్మలేదు. పంతులుగారి మాటే నిజం. అవి గుర్రం జాషువా రాసిన శ్మశానవాటి పద్యాలు. నాటకకర్త రాయలేదు, కవి ఆ నాటకం కోసం రాయలేదు. ఎవరో నటుడు కలిపి పాడాడు, జనం మళ్ళీ అడిగారు, ఆ తర్వాత అవి లేని కాటి సీను జనానికి సహించలేదు. నాటకంలో ఏం ఉండాలో కొంతవరకు వెనక వరసలే తేల్చాయన్నమాట.

సరే, శనివారానికి వద్దాం. రాయబారంలో రెండో కృష్ణుడి పెద్ద పద్యం మొత్తాన్ని కాలమిస్టు జేబులో ఫోను పెట్టి రికార్డు చేశాడు. ఉద్దేశం మంచిది కాదు. ఇంటికొచ్చి కొలిచి, రాగం ఎంత, మాట ఎంత అని లెక్క తేల్చి, ఈ వారం కాలమ్‌లో పరువు తీయాలని. ఆదివారం పొద్దున వంటింటి గడియారం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. రికార్డు ఆరు నిమిషాల ఇరవై సెకన్లు. నాలుగు పాదాల వృత్తపద్యం. మామూలుగా చదివితే ఇరవై ఐదు సెకన్లు. మిగిలిందంతా ఆలాపన, హార్మోనియం. ఇంకేం కావాలి?

చిక్కల్లా, రికార్డు నిండా వెనక వరస మాటలే. ముందు చిరాకేసింది. రెండోసారి విన్నప్పుడు మాటలు విడివిడిగా తెలిశాయి. "మోహన ఎత్తుకున్నాడ్రా." "గొంతు కాస్త జారింది." "హార్మోనీ ఆయన చూడు, పట్టుకున్నాడు." నిజమే. గొంతు పైషడ్జం దగ్గర వణికిన క్షణంలో హార్మోనియం కింది నుంచి భుజం పెట్టినట్టు లేచింది. పందిట్లో ముందు వరసలో కూర్చున్న కాలమిస్టు ఆ సంగతి విననేలేదు.

మూడోసారి కాగితం తీసుకుని, ఎవరు ఎప్పుడు మాట్లాడారో సెకన్లతో సహా రాసుకున్నాడు. అప్పుడు బయటపడింది. వాళ్ళ మాటలన్నీ రాగం మీదే పడ్డాయి. పద్యంలో మాట రాగానే నలుగురూ నిశ్శబ్దం. మొదటి పాదం, నిశ్శబ్దం. రాగం, కబుర్లు. రెండో పాదం, నిశ్శబ్దం. ఒక్క అక్షరమైనా వాళ్ళ నోటి కింద నలగలేదు. రికార్డు మొత్తంలో పద్యం మాట మీద పడ్డ చప్పుడు ఒక్కటే. మూడో పాదంలో, సరిగ్గా యతి స్థానంలో, "శ్‌శ్".

అది కాలమిస్టుది.

పదేళ్ళుగా రాసిందాన్ని పక్కన పెట్టుకుని చూస్తే లెక్క ఎక్కడ తప్పిందో తెలుస్తోంది. కాలమిస్టు చెవి తయారైంది ఘంటసాల పద్యంతో. 1967లో వచ్చిన 'శ్రీకృష్ణావతారం' సినిమాలో ఆ రాయబారం పద్యాల్ని ఆయన ఎంత పొదుపుగా, ఎంత స్పష్టంగా పాడారో తెలియని తెలుగువాడు లేడు. అది థియేటర్లో చీకట్లో నోరు మూసుకుని వినే పద్యం. ఫిల్ముకి కొలత ఉంది. పందిట్లో పద్యానికి ఆ కొలత లేదు. అక్కడ కూర్చున్నవాళ్ళకి మాట ముందే వచ్చు, అర్థం ముందే తెలుసు. వాళ్ళకి కావలసింది ఆ మాటని ఈ గొంతు ఏం చేస్తుందో చూసి, అప్పటికప్పుడు తీర్పు చెప్పుకోవడానికి కాస్త జాగా. రాగం ఆ జాగా ఇస్తోంది. మైకు వచ్చాక కూడా అది ఎందుకు పోలేదో కాలమిస్టుకి ఇప్పుడు తెలిసింది.

అందుకని రాగం మీద వేసిన కేసు ఈ వారంతో కొట్టేస్తున్నాడు. పీసపాటి పార్టీ మారడం లేదు. మూడో వన్స్‌మోర్ మీద అభ్యంతరం కూడా, లోహితాస్యుడి మోకాలి సాక్షిగా, అలాగే ఉంది.

ఒక మనవి. ఆ రాత్రి ఆటకి ఏ పత్రికలోనూ సమీక్ష రాదు. వెనక వరసలో కూర్చున్న ఆ నలుగురిలో ఎవరైనా ఇది చదివితే, లేదా వాళ్ళ మనవలెవరైనా చదివి వినిపిస్తే, ఒక కార్డు ముక్క రాయండి. కాలమిస్టు దగ్గరున్న కరపత్రంలో ముగ్గురు కృష్ణుల ఫొటోలూ ఉన్నాయి. హార్మోనిస్టు పేరు ఉండాల్సిన అడుగు మూల మాత్రం చిరిగిపోయింది. గొంతు జారినప్పుడు పట్టుకున్న ఆ మనిషి పేరు మీకు తప్పకుండా తెలిసే ఉంటుంది.