మెరుపు చొక్కాల కాలం

మొన్న మా అమ్మాయి సెల్‌ఫోన్ నా చేతికిచ్చి, "నాన్నా, ఇది నవ్వకుండా చూడు, చూద్దాం" అంది. తీరా చూస్తే 1985లో వచ్చిన 'దొంగ' సినిమాలోని పాట. మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' చూసి మనవాళ్లు తీసింది. సమాధుల దగ్గర దయ్యాలు, వాటి మధ్య చిరంజీవి, ఆ జాకెట్టు, ఆ అడుగులు. 'ఇండియన్ థ్రిల్లర్' అన్న పేరుతో ఈ పాట ఇంటర్నెట్‌లో దేశదేశాలు తిరిగింది. చూసినవాళ్లలో చాలామంది నవ్వుకోవడానికే చూశారు. మా అమ్మాయి నవ్వింది. నేనూ నవ్వాను. కాని నవ్వు ఆగాక మనసులో ఏదో కలుక్కుమంది. ఆ బట్టల్ని చూసి నవ్వడమంటే పదిహేడేళ్ల నన్ను చూసి నేనే నవ్వుకోవడం.

నేను విమర్శకుణ్ణి కాను. బి.కాం. చదివి, ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి. ఏ ఖాతా అయినా జమ, ఖర్చు రెండూ చూడకుండా సంతకం పెట్టకూడదన్నది నా ఉద్యోగం నేర్పిన పాఠం. ఎనభైల నాటి తెలుగు సినిమా దుస్తుల ఖాతాలో మాత్రం అందరూ ఖర్చు పేజీ ఒక్కటే చదివి మూసేశారని నా అనుమానం. "అభిరుచి లేని కాలం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ రెండో పేజీ కూడా తిరగేద్దామని ఈ నాలుగు మాటలు.

అసలు ఆ బట్టలు ఎలా ఉండేవో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. భుజాల మీద దిండ్లు కుట్టినట్టు ఎత్తుగా ఉండే జాకెట్టు. దాని నిండా ఎందుకున్నాయో తెలియని జిప్పులు. నడుం దగ్గర కుచ్చిళ్లు పడి, తొడల దగ్గర గాలి నింపినట్టు ఉబ్బి, చీలమండ దగ్గర బిగుసుకునే బ్యాగీ ప్యాంటు. తెల్ల బూట్లు. తలకు పట్టీ. ఈ పట్టీ 1982లో 'డిస్కో డాన్సర్'లో మిథున్ చక్రవర్తి కట్టగా దేశమంతా పాకింది. ఒంటి చేతికి గ్లవుజు జాక్సన్ ఇచ్చిన వరం. చొక్కా గుడ్డ దీపం వెలుతురులో కూడా మెరవాలి. మెరవకపోతే అది పండుగ చొక్కా కాదు.

మాది షోలాపూరు. ఇక్కడి తెలుగువాళ్లలో ఎక్కువమంది తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాన్ని నమ్ముకుని వచ్చిన పద్మశాలీలు. బడిలో మరాఠీ, బజారులో మరాఠీ, కన్నడం, హిందీ, ఇంట్లో మన యాస తెలుగు. నేను మరాఠీ మీడియంలో చదివాను. తెలుగు అక్షరాలు ఏ పంతులుగారూ దిద్దించలేదు. గోడల మీద సినిమా పోస్టర్లు చూసి కూడబలుక్కున్నాను. 'ఖైదీ' అన్న పేరు చదవడానికి నాకు పట్టిన సమయం ఇప్పటికీ గుర్తు. 'ఖ' ఏమిటో, దాని నెత్తిన ఆ గుర్తు ఏమిటో ఎవరిని అడగాలో తెలియదు. పక్కన చిరంజీవి బొమ్మ ఉంది కాబట్టి ఆ పేరు ఊహించాను, ఊహతో అక్షరాలు సరిపోయాయి. పేరు చదవాలన్న ఆశ పుట్టించింది ఆ బొమ్మ, బొమ్మ మీద కళ్లు నిలిపింది ఆ చొక్కా. అందుకని ఆ దుస్తుల్ని మొత్తంగా కొట్టిపారేయడానికి నాకు చేయి రాదు. అవి నా పెద్దబాలశిక్ష.

ఇక జమ పేజీలో రెండో పద్దు. 'థ్రిల్లర్' వీడియో 1983 డిసెంబరులో వచ్చింది. అందులో జాక్సన్ వేసుకున్నది ఎర్ర తోలు జాకెట్టు. మా గల్లీలో తోలు ఎక్కడిది? పోస్టరు చూసి వచ్చిన కుర్రాడికి మా టైలరు స్కూటరు సీట్లకు వేసే రెగ్జిన్‌తో జాకెట్టు కుట్టి ఇచ్చాడు. ఎండలో అది వేసుకున్నవాడు ఉడికిపోయేవాడు. అయినా విప్పేవాడు కాడు. దీన్ని వట్టి అనుకరణ అనవచ్చు. కాని అంతకుముందు హీరో సూటు వేసుకుంటే అది జమీందారు కొడుకు సూటు, మనం దూరం నుంచి చూడవలసిందే. ఈ కొత్త బట్టను గల్లీ టైలరు కుట్టగలడు, కూలివాడి కొడుకు ఒక పండుగ డబ్బుతో వేసుకోగలడు. పైగా అందులో ఎవరి కులమూ, ఎవరి ప్రాంతమూ కనబడదు. బాపు తలపాగా చూసి మమ్మల్ని ఎక్కడివాళ్లో పోల్చుకునేవారు. బ్యాగీ ప్యాంటులో మరాఠీ కుర్రాడు, కన్నడ కుర్రాడు, నేను ఒక్కలాగే ఉండేవాళ్లం. పరాయి నేల మీద పెరిగే పిల్లవాడికి అది ఎంత ఊరటో ఈ పత్రిక చదివేవారికి నేను వివరించనక్కరలేదు.

ఇప్పుడు ఖర్చు పేజీ.

సినిమాగా చూసినప్పుడు ఆ దుస్తులకూ కథకూ పొత్తు లేదు. 1987లో వచ్చిన 'పసివాడి ప్రాణం' తీసుకోండి. మలయాళ చిత్రానికి మలుపు. కథానాయకుడు ప్రియమైన మనిషిని పోగొట్టుకుని తాగుడులో మునిగినవాడు. చెవిటి, మూగ పసివాడొకడు అతని బతుకులోకి వస్తాడు. బరువైన కథ. పాట మొదలవగానే మాత్రం ఆ దుఃఖం ఎక్కడికో పోయి మెరుపు బట్టల్లో బ్రేక్ డాన్సు ప్రత్యక్షమవుతుంది. ఆ డాన్సు కోసమే మేము మళ్లీ మళ్లీ వెళ్లాం, కాదనను. కాని బట్ట పాత్రకు తొడగాలి. అక్కడ బట్ట నటుడికి తొడిగారు, పాత్ర విడిది గదిలోనే ఉండిపోయింది.

ఆ మరుసటి ఏడాదే, 1988లో, అదే నటుడు బాలచందర్ దర్శకత్వంలో 'రుద్రవీణ' చేశాడు. ఒక సంగీత విద్వాంసుడి కొడుకు తండ్రిని కాదని ఊరి జనం పక్షాన నిలబడిన కథ. ఆడంబరం లేని దుస్తులు, కథకు తగిన మనిషి. దానికి జాతీయ సమైక్యతా చిత్రంగా నర్గీస్ దత్ అవార్డు వచ్చింది, డబ్బులు రాలేదు. అందులో మాలాంటి ప్రేక్షకుల తప్పు లేదా? ఉంది. మెరుపు కోసం నాలుగుసార్లు టికెట్టు కొన్నవాళ్లం, సాదా చొక్కా కోసం ఒక్కసారే వెళ్లాం. 1989లో 'శివ' వచ్చి, చేతులు మడిచిన మామూలు చొక్కాతో కూడా హీరో నిలబడగలడని చూపించాకగాని మా కళ్లకు ఆ మెరుపు వెలిసినట్టు కనిపించలేదు.

అయితే ఖర్చు పేజీలో అసలైన పద్దు సినిమాలో లేదు, మా ఇంట్లో ఉంది.

1985 దసరాకు నేను ఆకుపచ్చ పాలియెస్టర్ చొక్కా కుట్టించుకున్నాను. అప్పటికి బాపు చాదర్ల కార్ఖానాలో పవర్‌లూమ్ మీద ఉన్నాడు. కరీంనగర్ జిల్లాలో ఉండగా చేతిమగ్గం నేసినవాడు. చొక్కా అంచు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూశాడు. ఏ గుడ్డనైనా ఆయన అట్లాగే చూసేవాడు. "దీన్ల నూలు పోగు ఒక్కటి లేదు బిడ్డా. అందరు గిదే తొడుక్కుంటే మనం నేసేది ఎవలు కొంటరు?" అన్నాడు. కోపం లేదు. నిజంగానే అడిగాడు. నేను జవాబు చెప్పకుండా అద్దం ముందుకు పోయాను.

ఆ ఏడాది జూన్‌లోనే కేంద్ర ప్రభుత్వం కొత్త జౌళి విధానం ప్రకటించిందని నాకు తరువాత కామర్సు చదివేటప్పుడు తెలిసింది. నూలుకూ కృత్రిమ దారానికీ మధ్య తేడా పాటించనక్కరలేదన్నది అందులో ఒక ముఖ్యాంశం. చేనేతకు కొన్ని రకాలు కేటాయిస్తూ అదే సంవత్సరం ఒక చట్టం కూడా చేశారు. దాని మీద కోర్టుల్లో వ్యాజ్యాలు నడిచి, సుప్రీంకోర్టు దాన్ని సమర్థించేసరికి 1993 వచ్చింది. ఈ లోపల పాలియెస్టర్ ఎవరి తీర్పు కోసమూ ఆగలేదు. బాపు విడిచి వచ్చిన జిల్లాలోనే సిరిసిల్ల మరమగ్గాల మీద పాలియెస్టర్ గుడ్డ నేత పెరిగింది. ఆ సిరిసిల్ల నుంచే నేతపనివారి ఆత్మహత్యల వార్తలూ వచ్చాయి. మా షోలాపూరు చాదరు, తువ్వాలు నిలిచాయి గనుక మా ఇల్లు నిలిచింది. నేను డిగ్రీ చదివాను, బ్యాంకు పరీక్ష రాశాను. అందరి ఇళ్లూ అలా నిలవలేదు.

నా ఒక్క చొక్కా వల్ల ఎవరి మగ్గమూ ఆగలేదని నాకు తెలుసు. అయినా బాపు అడిగింది చొక్కా గురించి కాదు. మనకు నచ్చిన వస్తువు ఎవరి చేతిలో తయారైంది, దానివల్ల ఎవరి చేతికి పని పోయింది అని అడిగాడు. ఆ కాలపు దుస్తుల గురించి ఎవరైనా విమర్శ రాస్తే ఆ ప్రశ్నతో మొదలుపెట్టాలి. రంగు గాఢమైందనో, భుజాలు ఎత్తయ్యాయనో నవ్వుకోవడం సులువు. ముప్పై ఏళ్లు గడిస్తే ఏ బట్ట అయినా నవ్వు పుట్టిస్తుంది. ఇప్పుడు పిల్లలు మోకాళ్ల దగ్గర చింపి అమ్మే జీన్సు డబ్బిచ్చి కొంటున్నారు, రేపు వాళ్ల పిల్లలు నవ్వకపోరు.

మా అవ్వ పాత బట్టలతో బొంతలు కుట్టేది. ఇక్కడివాళ్లు గోధడి అంటారు. ఆమె చివరగా కుట్టిన బొంతలో నా ఆకుపచ్చ చొక్కా ముక్క ఒకటి, దాని పక్కనే బాపు నూలు ధోవతి ముక్క ఒకటి పడ్డాయి. ధోవతి ముక్క ఎప్పుడో పోగులు విడిపోయింది. రెండుసార్లు మాసిక వేశాం. చొక్కా ముక్క కుట్టిన రోజున ఎలా ఉందో ఇప్పుడూ అలాగే మెరుస్తోంది.

పాట అయిపోయాక ఆ బొంత తీసి మా అమ్మాయికి చూపించాను. ఆ మెరుపు ముక్క చూసి మళ్లీ నవ్వింది. తరువాత పక్క ముక్క మీద చేయి వేసి, బొటనవేలితో నలిపి చూసి, "ఇది ఎవరిది?" అని అడిగింది.