వయొలెట్టా లొంగిపోయే చోట

యాభై దాటాక ఒపేరా వినడం మొదలుపెట్టాను. ఇటాలియన్ రాదు, పాశ్చాత్య స్వరలిపి చదవడమూ రాదు. త్యాగరాజ కీర్తనలు విని పెరిగిన చెవికి ఆ గొంతుల్లోని వణుకు, ఆ ఎత్తు మొదట్లో కొంచెం అతిగానే తోచాయి. అయినా 1958లో లిస్బన్ నాటకశాలలో మరియా కలాస్ పాడిన వెర్ది ఒపేరా ‘లా త్రావియాటా’ రికార్డింగు నన్ను కదలనివ్వలేదు. అది స్టూడియోలో దిద్దితీర్చింది కాదు, ప్రదర్శన జరుగుతుండగా పట్టినది. గాయకులకు మాటలందించే ప్రాంప్టర్ గొంతు కూడా మధ్యమధ్య వినబడుతుంది.

కొన్నాళ్లు కథ తెలియకుండానే విన్నాను. రెండో అంకంలో ఒక స్త్రీ గొంతూ ఒక పెద్దమనిషి గొంతూ చాలాసేపు ఎదురెదురుగా సాగుతాయి. ఆమె మొదట తునకలు తునకలుగా, ఊపిరాడనట్టు పాడుతుంది. అతను మాత్రం నిదానంగా, తొణక్కుండా. కాసేపటికి ఆమె స్వరమూ నిదానిస్తుంది, దాదాపు గుసగుసలా, పొడుగ్గా సాగుతుంది. నేను మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి విన్నది అక్కడే. మొత్తం ఒపేరాలో అంత అందమైన చోటు నాకింకోటి దొరకలేదు.

ఆ తర్వాత మాటల అనువాదం చదివాను. వయొలెట్టా పారిస్‌లో ధనికుల పోషణలో బతికిన వేశ్య. అల్ఫ్రెడోని ప్రేమించి, ఊరి బయట అతనితో కాపురం పెట్టి, ఖర్చులకి తన ఆస్తి అమ్ముకుంటోంది. అతని తండ్రి జెర్మోన్ ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు వచ్చి, కొడుకుని వదిలెయ్యమంటాడు. లేకపోతే తన కూతురి పెళ్లి ఆగిపోతుందట! ఒక ఆడపిల్ల పెళ్లి కోసం ఇంకో ఆడదాని బతుకు అడగడం మనకి తెలియని వాదనేం కాదు. నేనంత ఇష్టంగా విన్నది ఆమె ‘సరే’ అన్న చోటు.

ఒపేరా కథల్లో స్త్రీలు వరసగా ఓడిపోతారనీ, చస్తారనీ, సంగీతం మత్తులో మనం ఆ మాటల్ని పట్టించుకోమనీ ఫ్రెంచ్ రచయిత్రి కేథరిన్ క్లెమా 1979లోనే ఒక పుస్తకం రాశారు. 1993లో కరోలిన్ అబాటె దీనికి ఎదురు వాదన చేశారు. కథలో స్త్రీ చనిపోతే చనిపోవచ్చు గానీ, వింటున్నంతసేపూ మనల్ని ఏలేది గాయని గొంతే అని. కలాస్‌ని వింటుంటే అబాటె మాటే నిజమనిపిస్తుంది. 1977లో చనిపోయిన మనిషి గొంతు ఇంకా ఇంత పని చేస్తోంది కదా!

కానీ నాకు ఈ ఊరట చాలదు. మాటలు తెలియని నాకు వినబడింది గొంతొక్కటే. ఆ గొంతు జెర్మోన్ పద్ధతిలోకి ఒదిగిపోవడమే నాకు అందంగా తోచింది. క్లెమా చెప్పినట్టు సంగీతం మాటల్ని కప్పెయ్యలేదు. ఓటమిని అది మాటలకంటే ముందే చెప్పింది, పైగా అది నచ్చేట్టు చెప్పింది. స్త్రీవాదిగా నేను తేల్చుకోవాల్సింది వెర్దితో కాదు, నా చెవితో.

ఈ కథకి మూలం చిన్న డ్యూమా నవల. దాని వెనకున్న మరీ డ్యూప్లెసి 1847లో, 23 ఏళ్లకే క్షయతో పోయింది. ఆమె బతికుండగా పాపం, పోయాక త్యాగం. మన గురజాడ మధురవాణిని చంపలేదు, పవిత్రురాల్నీ చెయ్యలేదు. ఈ మాట ఇటాలియన్ ఒపేరా విన్నాకే నాకు గట్టిగా తట్టింది.

మూడో అంకంలో మంచం మీదున్న వయొలెట్టా ఒక ఉత్తరం చదువుతుంది. రాసింది జెర్మోనే. ఆమె త్యాగం సంగతి కొడుక్కి చెప్పాడట, ఇద్దరూ వస్తారట, ఒళ్లు జాగ్రత్తగా చూసుకోమంటాడు. వెనక వయొలిన్ పాత ప్రేమ పాటని తీస్తూ ఉంటుంది. ఆమె మాత్రం పాడదు, మామూలు గొంతుతో చదువుతుంది. ఉత్తరం కంఠతా వచ్చిన మనిషిలా, ఎక్కడా బతిమాలకుండా, కలాస్ దాన్ని చివరిదాకా చదివేస్తుంది. ఆ తర్వాత ఆలస్యమైపోయిందన్న ఒక్క మాట, అరుపులా. దానికి రాగం లేదు. ఈమధ్య నేను వెనక్కి తిప్పి వింటున్నది ఆ మాటే.