ఇంటిపేరు మారిన పురుగులు

పాత సంపుటం ఏది చేతికొచ్చినా నేను ముందు చివరి పేజీలు తిప్పుతాను. సూచిక ఎలా ఉందో చూస్తే ఆ పుస్తకం చేసినవాళ్లకు పాఠకుడి మీద ఎంత శ్రద్ధ ఉందో తెలిసిపోతుంది. ‘రివ్యూ ఆఫ్ అప్లైడ్ ఎంటమాలజీ’ విషయంలో ఈ అలవాటు నాకు బాగా కలిసొచ్చింది. 1913లో లండన్‌లో మొదలైన ఈ మాసపత్రికలో సొంత పరిశోధన వెతికినా దొరకదు. పురుగుల మీద, వాటి నివారణ మీద లోకంలో ఎక్కడ, ఏ భాషలో ఏం అచ్చయినా సంపాదించి, చదివి, సారం పిండి నాలుగు వాక్యాల్లోనో నలభై వాక్యాల్లోనో చెప్పడమే దాని పని. పంటల పురుగులకు ‘ఎ’ శ్రేణి. మనుషులకూ పశువులకూ రోగాలు మోసే దోమలకూ ఈగలకూ పిడుదులకూ ‘బి’ శ్రేణి. సంపుటం నిండగానే సారాంశాలన్నిటికీ కలిపి ఒక సూచిక. అందరూ సారాంశాలను మెచ్చుకుంటారు. నా మొగ్గు సూచిక వైపు.

సూచిక తలమీద సన్నటి అక్షరాల్లో చిన్న గమనిక ఉంటుంది. శాస్త్రీయ నామం విషయంలో పేజీ అంకెను ప్రజాతి పేరు దగ్గర మాత్రమే వేశామని ఒక మాట. ప్రజాతి పేరు బ్రాకెట్లలో కనిపిస్తే అది మేం ఖాయం చేసుకున్న పేరు కాదని ఇంకో మాట. ఒక వరి పురుగు కోసం వెతికినప్పుడు గానీ ఆ రెండు మాటల విలువ నాకు తెలియలేదు.

పురుగుకు రెండు ముక్కల పేరు పెట్టే పద్ధతి లిన్నేయస్‌ది. జంతువుల పేర్లకు 1758 నాటి ఆయన పుస్తకమే మొదలు. ఆయన స్వీడన్ దేశస్థుడే గానీ పేరు పెట్టిన తీరు అచ్చం మన తెలుగువాళ్లదే: ముందు ఇంటిపేరు, తర్వాత సొంతపేరు. మొదటి ముక్క ప్రజాతి, రెండోది జాతి. పెళ్లయ్యాక ఆడపిల్ల ఇంటిపేరు మారినట్టు పురుగు ఇంటిపేరూ మారుతుంది. రెక్కల ఈనెలో జననాంగాలో మళ్లీ పరీక్షించిన శాస్త్రవేత్త, ఇది ఆ ఇంటిది కాదు ఈ ఇంటిది అని తేలుస్తాడు. సొంతపేరు చాలావరకు వెంటే వస్తుంది. మహా అయితే లాటిన్ వ్యాకరణం కోసం తోక కొంచెం మార్చుకుంటుంది.

మన వరిలో మొవ్వు ఎండబెట్టి, పైరు ఈనాక తెల్లకంకి తెచ్చే కాండం తొలుచు పురుగునే తీసుకోండి. 1863లో వాకర్ దీనికి కైలో ఇన్సర్టులాస్ అని పేరు పెట్టాడు. తర్వాత అది స్కీనోబియస్ ఇంటికి చేరి ఇన్సర్టెలస్ అనిపించుకుంది. 1960లో ట్రైపోరైజా అయింది. 1981 నుంచి స్కిర్పోఫాగా. ఇది చాలదన్నట్టు బైపంక్టిఫర్ అని మరో సొంతపేరు కూడా ఉండేది. ఆడ పురుగు ముందు రెక్కల మీద ఒక్కో నల్లచుక్క ఉంటుంది, ఆ రెండు చుక్కలదే ఈ పేరు. నూరేళ్ల కిందట మన దేశంలో రాసినవాళ్లు దీన్ని ఈ పేరుతోనే ఎరుగుదురు. లాటిన్‌లో ఇన్సర్టస్ అంటే నిశ్చయం లేనిది. వాకర్ ఏ ముహూర్తాన పెట్టాడో గానీ పేరు సార్థకమైంది.

ఈ పేర్లలో ఏదో ఒక్కటే తెలిసినవాడు సూచిక దగ్గరకు వస్తే గతేమిటి? చేసినవాళ్లు ఆ మనిషిని ముందే ఊహించుకున్నారు. సొంతపేరు ముందు వేసి, కామా పెట్టి, ఇంటిపేరు తర్వాత వేశారు: ‘ఇన్సర్టెలస్, స్కీనోబియస్’ అన్నట్టు. అక్కడ పేజీ అంకె ఉండదు. ఫలానా ఇంటికి వెళ్లమని పంపించేస్తుంది. ఆ ఇంటి దగ్గర అంకెలన్నీ కుప్పగా దొరుకుతాయి. వాడుక మానేసిన పేరైతే పక్కనే ‘ఫలానాది చూడుము’ అని ఉంటుంది. అంకెలు రెండుచోట్లా వేస్తే ఏం పోయింది అనిపించవచ్చు. రెండుచోట్ల వేస్తే ఒకచోట దిద్ది రెండోచోట మరిచిపోతారు. సూచికలు చేసినవాళ్లకు ఆ బాధ తెలుసు.

కొత్తగా ఊళ్లోకొచ్చినవాడు ‘వెంకటేశ్వర్లు ఇల్లెక్కడండీ’ అని అడిగితే, ‘ఏ వెంకటేశ్వర్లు బాబూ’ అని ఎదురడిగి ఇంటిపేర్లు వరసగా చెప్పే పెద్దమనిషి రచ్చబండ మీద ఒకరుంటారు. ‘ఆర్మిజెరా’ అనే మాట దగ్గర సూచిక చేసేది అదే పని. మన శనగపచ్చ పురుగు సొంతపేరు ఆర్మిజెరా. వరిలో తాటాకు తెగులు తెచ్చే హిస్పా పెంకు పురుగుదీ అదే. ఆయుధం ధరించినది అని అర్థం. ఒళ్లంతా ముళ్లున్న హిస్పాకు ఆ పేరు నప్పింది. పచ్చ పురుగుకు ఎందుకు పెట్టారో గానీ, అది తొలిచిన కాయలు చూసిన రైతు కాదనడు.

ఇంటిపేరు దగ్గరకు చేరాక ఇంకో పనితనం కనిపిస్తుంది. అక్కడ ఉత్త అంకెల వరస ఉండదు. పత్తి మీద, ఫలానా దేశంలో. దాని పరాన్నజీవులు, ఫలానా చోట. దాని మీద ఫలానా మందు. ఇలా ప్రతి అంకె ముందూ నాలుగు మాటలు. ఒకే సారాంశానికి పురుగు దగ్గర ఒక గుమ్మం, పంట దగ్గర ఒకటి, దేశం దగ్గర ఒకటి, మందు దగ్గర ఒకటి తీస్తారు. లెడ్ ఆర్సినేట్ గురించి వెతికేవాడూ, పత్తి గురించి వెతికేవాడూ, ఆ పురుగును తినే కందిరీగ గురించి వెతికేవాడూ వేరు వేరు దారుల్లో వచ్చి ఒకే పేరా దగ్గర కలుస్తారు.

ఆ దేశం పేరు వెయ్యడం వల్ల తర్వాత్తర్వాత ఎంత మేలు జరిగిందో చెప్పాలి. ఒకప్పుడు మన శనగపచ్చ పురుగునూ, అమెరికాలో మొక్కజొన్న కంకి తొలిచే పురుగునూ ఒకటే అనుకున్నారు. రెండిటికీ హెలియోథిస్ అబ్సొలీటా అనే పేరే నడిచింది. 1965లో కెనడా శాస్త్రవేత్త హార్డ్‌విక్ ఈ గుంపునంతా పరీక్షించి హెలికోవెర్పా అనే కొత్త ప్రజాతిని ఏర్పరిచాడు. అందులో అమెరికా పురుగు జియా, మనది ఆర్మిజెరా, వేర్వేరు జాతులు. ఇప్పుడు 1920ల నాటి సంపుటం తెరిస్తే అబ్సొలీటా కింద రెండు పురుగుల సమాచారం కలగలిసి ఉంటుంది. విడదీయడం ఎలా? టెక్సస్ అని ఉంటే అది ఆ పురుగు, ఇండియా అని ఉంటే ఇది. సూచిక చేసినవాళ్లకు ఈ సంగతి తెలిసే వీలే లేదు. కానీ ఊరు పేరు వదలకూడదన్న క్రమశిక్షణ వాళ్లకుంది. నలభై ఏళ్ల తర్వాత అదే అక్కరకొచ్చింది.

సారాంశాల గురించి కొంత. రచయిత పేరు, మూలభాషలో శీర్షిక, పక్కన బ్రాకెట్లలో దాని ఇంగ్లీషు, పత్రిక, సంపుటం, అచ్చయిన ఊరు, నెల, పుటలు, బొమ్మలెన్ని – ఇంత వివరం తర్వాత గానీ అసలు విషయం మొదలుకాదు. విషయంలో కత్తెర వేసిన తీరు చూడాలి. రచయిత ఉపోద్ఘాతం పోతుంది, కృతజ్ఞతలు పోతాయి, ఆశాభావాలు పోతాయి. మందు మోతాదు ఉంటుంది, పిచికారీ చేసిన తేదీ ఉంటుంది, గుడ్డు పొదగడానికి ఎన్ని రోజులో ఉంటుంది. మూల పత్రిక ఎన్నడూ కళ్లబడని మనిషి, కోయంబత్తూరులోనో పూసాలోనో కూర్చున్న కీటక శాస్త్రవేత్త, దీన్ని చదివి పొలానికి వెళ్లగలగాలి. అదే కొలబద్ద. సంపాదకులు తమ మాట చెప్పాల్సొస్తే చదరపు బ్రాకెట్లు పెట్టుకుంటారు: ఈ పురుగు సరైన పేరు ఇదీ, ఇదే సంగతి మా ఫలానా సంపుటంలో ఫలానా పేజీలో చూడండీ అని. ఇతరుల మాటకూ తమ మాటకూ మధ్య అంత స్పష్టమైన గట్టు ఈ రోజుల్లో అరుదు.

దీని వెనక ఇంపీరియల్ బ్యూరో ఆఫ్ ఎంటమాలజీ ఉంది. 1909లో ఉష్ణమండల ఆఫ్రికా కోసం వేసిన ఒక కమిటీ నుంచి 1913లో అది పుట్టింది. పేరులోనే సామ్రాజ్యం ఉంది, దాచడానికేం లేదు. పత్తి, చెరకు, తేయాకు పండాలి, వలసల్లో అధికారులు రోగాలతో చావకూడదు. దాని కోసం సామ్రాజ్యంలోని దేశాలన్నీ చందాలేశాయి, మనదీ వేసింది. సంకల్పం ఎవరిదైనా పని చేసినవాళ్లు పనివాళ్లే. కమిటీ రోజుల నుంచి 1942 దాకా దాన్ని నడిపించిన గై మార్షల్ అమృత్‌సర్‌లో 1871లో పుట్టాడు. ముక్కు పురుగుల మీద ఆయనంత పట్టున్నవాడు అప్పుడు లేడు. రెండు వేలకు మించి కొత్త జాతులకు పేర్లు పెట్టాడు. భారతదేశపు ముక్కు పురుగుల మీద 1916లో ఒక సంపుటం రాశాడు. పేర్లు పెట్టేవాడే పత్రిక నడపడం వల్ల, పేరు తప్పితే మిగిలిందంతా తప్పుతుందన్న భయం ఆ పత్రిక ఎముకల్లో ఇంకిపోయింది.

ఆ భయంలోంచే ఒక గొప్ప సంగతి బయటపడింది. బోరిస్ ఉవరోవ్ అనే రష్యన్, తిఫ్లిస్ నుంచి 1920లో లండన్ వచ్చి ఈ బ్యూరోలో చేరాడు. వచ్చిన పురుగులను గుర్తించి చీటీ రాయడం ఆయన ఉద్యోగం. మిడతలను సరిచూస్తుంటే రెండు వేర్వేరు జాతులుగా నడుస్తున్నవి నిజంగా వేర్వేరా అన్న ప్రశ్న ఎదురైంది. 1921లో బ్యూరో వారి బులెటిన్‌లోనే జవాబు అచ్చువేశాడు. మైగ్రేటోరియా, డానికా రెండూ ఒకటే మిడత. విడివిడిగా బతికితే ఒక రూపం, గుంపు కట్టి దండెత్తితే ఇంకో రూపం. మిడతల దండు మధ్యలో ఎక్కడికి పోతుంది అన్న పాత ప్రశ్నకు దాంతో దారి దొరికింది. ఎక్కడికీ పోదు, వేషం మార్చుకుని అక్కడే ఉంటుంది. శనగపచ్చ పురుగు విషయంలో ఒక పేరు కింద రెండు పురుగులైతే, ఇక్కడ రెండు పేర్ల కింద ఒకటి.

బ్యూరో పంచుకున్నది కాగితాలే కాదు. ఎక్కడెక్కడి వ్యవసాయాధికారులో గుండుసూదులకు గుచ్చిన పురుగులను పంపితే, మ్యూజియం నిపుణుల చేత పోల్పించి పేరు రాసి పంపేవారు. 1951 నుంచి పటాలు మొదలెట్టారు. ఒక్కో పురుగుకు ఒక్కో ప్రపంచ పటం. మొదటి పటం మధ్యధరా పండు ఈగది. పటంలో చూపిన ప్రతిచోటికీ అది ఎక్కడ అచ్చయిందో ఆధారం ఉంటుంది. ఒక దేశం పళ్ల ఓడను రేవులో ఆపాలా వద్దా అనేది ఆ ఆధారాల మీద నడిచే సంగతి.

1973 నుంచి ఈ సారాంశాలు కంప్యూటర్‌కెక్కాయి. సంస్థ పేరు ఇప్పుడు క్యాబీ. యంత్రం వచ్చాక సూచిక అక్కర్లేదనుకునేవాళ్లకు మన ఇంటి ఉదాహరణే ఒకటుంది. 1987–88లో ఆంధ్రప్రదేశ్ పత్తి పొలాల్లో శనగపచ్చ పురుగు విరుచుకుపడింది. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు ఎన్నిసార్లు కొట్టినా చావలేదు. ఆ పురుగుల్లో నిరోధక శక్తిని కొలిచి బ్రిటన్‌లో మెకాఫరీ బృందం 1989లో ఒక వ్యాసం ప్రచురించింది. దాని శీర్షికలోనే ఆంధ్రప్రదేశ్ పేరుంది. పురుగు పేరు మాత్రం హెలియోథిస్ ఆర్మిజెరా. హార్డ్‌విక్ కొత్త పేరు ఇచ్చి అప్పటికి ఇరవై నాలుగేళ్లయినా పాత ఇంటిపేరే వాడుకలో ఉంది. ఇవాళ మన పిల్ల ఎవరైనా హెలికోవెర్పా అని మాత్రమే కొట్టి వెతికితే, పేర్లను ముడివేసిన పదకోశం వెనక లేకపోతే, మన పొలాల కథ మనకే దొరకదు. ఆ ముడి యంత్రం వేసింది కాదు. కూర్చుని మనిషి వేసిందే.

ఇంత మెచ్చుకున్నాక నా ఫిర్యాదూ చెప్పుకోవాలి. లోకంలోని భాషలన్నీ ఈ పత్రికలోకి వచ్చాయి గానీ, బయటికి వెళ్లింది ఇంగ్లీషు ఒక్కటే. అదీ చందా కట్టగలిగిన గ్రంథాలయాలకే. ఒకసారి నేను వెతుకుతున్న సంపుటం ఒక కళాశాలలో దొరికింది. బైండు చేసినవాడు సూచిక పేజీలు అదనపు కాగితాలనుకుని తీసేశాడు! తాళం చెవి లేని భోషాణంలా ఉండిపోయింది ఆ సంపుటం.

పురుగుల పేర్లకు మన రైతులూ తక్కువ తినలేదు. వాళ్లు పురుగును కాదు, అది చేసిన పనిని చూసి పేరు పెడతారు. వరి పిలక ఉల్లి ఆకులా గొట్టమైతే ఉల్లికోడు. దాన్ని తెచ్చే ఈగను 1889లో వుడ్‌మేసన్ సెసిడోమియా అన్నాడు, తర్వాత పాకిడిప్లోసిస్ అన్నారు, ఇప్పుడు ఓర్సియోలియా అంటున్నారు. ఉల్లికోడు ఉల్లికోడుగానే ఉంది. కానీ అన్ని పేర్లూ అంత నిలకడ కావు. ఒకరు సుడిదోమ అన్నదాన్నే ఇంకొకరు దోమపోటు అంటారు. ఫోన్‌లో వ్యవసాయాధికారికి ఏ మాట చెప్పాలో తెలియక తికమకపడే రైతు ఇప్పటికీ ఉన్నాడు. మీ వైపు వినిపించే పేర్లు రాసిపెట్టండి. ఒక్కో పేరుకు ఒక్కో కార్డు. దాని మీద పురుగు పేరు, పైరు పేరు, ఊరు పేరు. ఊరు పేరు మాత్రం మరిచిపోవద్దు.