టచ్ ప్రోబు నిజముగా కొలుచునా?

ఆర్మూరు ప్రాంతపు రైతు ఒకడు ఇంటి కాటాపై పసుపు కొమ్ములు తూచి గోతాములు నింపినాడనుకొందము. మరల ఆ కాటాపైననే తూచినచో అన్నియు సరిగానే ఉండును. కాటా క్వింటాలుకు కిలో తప్పు చూపుచున్నదను సంగతి, మార్కెట్టు యార్డులోని కాటా ఎక్కించిన తరువాతగాని బయటపడదు. కంప్యూటరు ఆజ్ఞలపై లోహమును చెక్కు చిన్న సి.ఎన్.సి. యంత్రములను అభిరుచికొద్దీ సమకూర్చుకొనువారు పలువురు టచ్ ప్రోబు విషయమున ఈ పొరపాటే చేయుచున్నారు.

ప్రోబు గొప్ప సాధనమే. కాంకార్డు విమానపు ఒలింపస్ ఇంజనులోని సన్నని గొట్టములను వంచకుండ కొలువవలసి వచ్చినప్పుడు, రోల్స్‌రాయిస్ సంస్థలో డేవిడ్ మెక్‌మర్ట్రీ 1972లో దీనిని రూపొందించెను. కడ్డీ కొనయందు కెంపు గుండు ఉండును. లోపల మూడు చిన్న స్థూపములు ఆరు గుండ్లపై స్ప్రింగు ఒత్తిడితో కూర్చుండును. వాటిగుండా విద్యుత్తు ప్రవహించును. కొన వస్తువును తాకగానే ఒక స్పర్శ సడలి నిరోధము పెరుగును. వదలగానే కడ్డీ యథాస్థానమునకు వచ్చును. మేలైన ప్రోబులలో ఈ రాకపోకల తేడా ఒక మైక్రోమీటరుకు మించదు.

కాని అది చెప్పునది “తగిలినది” అను ఒక్క మాటయే. ఎక్కడ తగిలినదో చెప్పునది యంత్రపు స్క్రూ. 300 మిల్లీమీటర్లకు 0.1 మిల్లీమీటరు తప్పు నడచు స్క్రూ 300.1 పొడవు చెక్కి, దానినే కొలిచి, తెరపై 300.00 అని చూపును. ఆ రెండు సున్నాలకు దక్కు గౌరవము బడిలో పాపము వెర్నియరుకైనను దక్కదు!

పసుపు పాలిష్ డ్రమ్ముకు 6205 బేరింగు హౌసింగు తొలువవలెననుకొందము. బేరింగు వెలుపలి వ్యాసము 52 మిల్లీమీటర్లు. రంధ్రము సాధారణముగా 52.00, 52.03ల మధ్య ఉండవలెను. స్క్రూకు, నట్టుకు మధ్య 0.05 లూజు ఉన్నచో (పనివారు దీనిని బ్యాక్‌లాష్ అందురు) ఎదురెదురు గోడలను తాకునప్పుడు అంతయు వ్యాసమునకు కలియును. తెరపై 52.02, నిజమునకు 51.97. బేరింగు దూరదు. సుత్తితో దిగగొట్టినచో చెడును.

పదిసార్లు తాకి ఒకే అంకె వచ్చినదని సంతోషించుటయు చాలదు. అది నిలకడకు గుర్తు, నిజమునకు కాదు. విద్యార్థులకు ఈ భేదము చూపుటకు ఇంతకన్న మంచి ప్రయోగము దొరకదు. పనిముక్క అంచును కనుగొనుటకు, మరల అదే చోట బిగించుటకు ప్రోబు చక్కగా పనికివచ్చును. అచ్చట నిలకడయే ముఖ్యము.

వ్యాసము కొలువదలచినచో యార్డు కాటా వంటిది ఒకటి కావలెను. అది ఖరీదైనదే కానక్కరలేదు. సాధారణ తరగతికి చెందిన కొత్త 6205 బేరింగు లోపలి వ్యాసము 24.990, 25.000 మిల్లీమీటర్ల మధ్య ఉండును. దానిని ముందు కొలిచి, వచ్చిన తేడాను తక్కిన రంధ్రముల కొలతలలో సవరించవలెను. కెంపు గుండు పరిమాణపు తప్పు, బ్యాక్‌లాష్ రెండును దీనిలో తేలును.

స్క్రూ పొడవున పెరుగు తప్పు మాత్రము తేలదు. దానికి స్లిప్ గేజీలు కావలెను. ఎండయు ఉన్నది. పొడవు కొలతలకు ప్రపంచమంతట ప్రమాణముగా తీసికొను ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. వేసవిలో షెడ్డు 40 డిగ్రీలకు చేరినచో 300 మిల్లీమీటర్ల అల్యూమినియము ముక్క సుమారు 0.14 సాగును; ఉక్కు స్క్రూ అందులో సగమే సాగును. మిగిలిన 0.07 తేడా ఏ ప్రోబుకును తెలియదు.