ముందు పన్నెండు, వెనక అరవై

గిలకలదిండి హార్బరుకు బోట్లు చేరిన పూట గేటు దగ్గర కాసేపు నిలబడి చూడండి. ట్రేల నిండా చేపలు, వాటి మీద ఐసు, పైన తడి గోనెపట్టా వేసుకుని టీవీఎస్ ఎక్సెల్ బళ్ళు వరసగా బందరు వైపు కదులుతుంటాయి. ఆ బండికి గేర్లు మార్చే పని లేదు, క్లచ్ లివరు లేదు. యాక్సిలేటర్ తిప్పితే కదులుతుంది, వదిలి బ్రేకు వేస్తే ఇంజను ఆగకుండానే బండి నిలబడుతుంది. గో-కార్ట్ కట్టాలని వచ్చే కుర్రాళ్ళకు నేను ముందు ఆ బండినే చూపిస్తాను. చిన్న కార్ట్‌కు వేసే క్లచ్ పనిచేసేది కూడా అదే సూత్రం మీద.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. బోట్లన్నీ కట్టేసి ఉంటాయి, ఇంజన్లు విప్పి రిపేర్లు చేసేది అప్పుడే. ఇంజనీరింగ్ పిల్లలకూ అవి సెలవు రోజులే. అలాంటి ఒక వేసవిలో నలుగురు పిల్లలు తాము కట్టిన కార్ట్‌ను తెచ్చి చూపించారు. పైపుల వంపులు, వెల్డింగు ముచ్చటగా ఉన్నాయి. వాళ్ళు అడిగిన మొదటి మాట, "బాబాయ్, ఇది ఎంత స్పీడు పోద్ది?"

"అది తర్వాత చూద్దాం. మలుపులో ఎంత నెమ్మదిగా తిరుగుద్దో చెప్పండి ముందు," అన్నాను.

నా దృష్టిలో గేరింగ్ మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది. ఎందుకో లెక్కవేసి చూపిస్తాను. హోండా జీఎక్స్ 200 లాంటి ఇంజను తీసుకుందాం. నీటి పంపుల మీదా చిన్న యంత్రాల మీదా కనిపించే రకమే. దాని గవర్నరు వేగాన్ని నిమిషానికి 3600 చుట్ల దగ్గర ఆపుతుంది. గరిష్ఠ టార్క్ 12.4 న్యూటన్ మీటర్లు, అది వచ్చేది 2500 చుట్ల దగ్గర. వెనక టైరు వ్యాసం 11 అంగుళాలు అనుకుంటే చక్రం ఒక చుట్టుకు దాదాపు 88 సెంటీమీటర్లు పోతుంది. క్లచ్ మీది చైను పళ్ళెంలో 12 పళ్ళు, ఇరుసు మీది పళ్ళెంలో 60 పళ్ళు పెడితే ఇంజను అయిదు చుట్లు తిరిగినప్పుడు చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. 3600 దగ్గర స్పీడు గంటకు 38 కిలోమీటర్లు. పిల్లలు సాధారణంగా లెక్క ఇక్కడితో ఆపేస్తారు. ముందు 15 పళ్ళు పెడితే 47 వస్తుందని చూసి అటే మొగ్గుతారు.

అసలు లెక్క కింది వైపు ఉంది. ఈ క్లచ్ లోపల బరువైన షూలు ఉంటాయి, వాటిని స్ప్రింగులు లోపలికి లాగి పట్టుకుంటాయి. ఇంజను వేగం పెరిగే కొద్దీ షూలు బయటికి తోసుకొచ్చి చుట్టూ ఉన్న డ్రమ్మును రుద్దుతాయి. తయారీని బట్టి మారుతుంది గానీ, మామూలు రకంలో 2000 చుట్ల ప్రాంతంలో పట్టు మొదలై 2500 చేరేసరికి జారకుండా బిగుస్తుంది. 12-60 జోడీకి ఆ 2500 అంటే 26 కిలోమీటర్ల స్పీడు. 15-60 పెడితే అది 33కు పోతుంది. మీ ట్రాక్‌లో మలుపు 22 కిలోమీటర్ల స్పీడులో తిరగాల్సినంత ఇరుకైతే, ప్రతి మలుపు దగ్గరా క్లచ్ జారుతుంది, యాక్సిలేటర్ తొక్కే కొద్దీ వేడెక్కుతుంది. క్లచ్ మీద 10 పళ్ళు పెట్టండి. టాప్ స్పీడు 32కు పడిపోతుంది. కానీ 22 దగ్గరే పట్టు బిగుస్తుంది కాబట్టి మలుపు దాటగానే ఇంజను బలమంతా చక్రానికి అందుతుంది. మలుపులు ఎక్కువున్న చిన్న ట్రాక్ మీద ఈ 32 కార్టే ఆ 47 కార్ట్ కంటే ముందు వస్తుందని నేను గట్టిగా చెప్తాను.

కాలిపోయిన క్లచ్‌ను విప్పితే ఈ కథంతా దాని ఒంటి మీదే కనిపిస్తుంది. డ్రమ్ము లోపలి అంచు నీలం తిరిగి ఉంటుంది. షూల మీది లైనింగు అద్దంలా మెరుస్తూ పట్టు చచ్చి ఉంటుంది. మూలల్లో నల్లటి పొడి. పిల్లలు వెంటనే "క్లచ్ క్వాలిటీ బాలేదు" అంటారు. పళ్ళ లెక్క మార్చకుండా కొత్తది వేస్తే అదీ అలాగే కాలుతుంది.

ఈ సంగతి సముద్రం మీదికి పోయేవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. మరబోటులో డీజిల్ ఇంజను వేగాన్ని గేర్‌బాక్స్ తగ్గించి కింది ఫ్యానుకు ఇస్తుంది. వల ఈడ్చేటప్పుడు బోటు పోయేది గంటకు రెండు మూడు నాటికల్ మైళ్ళు, అంతే. ఖాళీగా పరుగెత్తడానికి బాగుంటుందని ఫ్యాను రెక్కల వాలు ఎక్కువ పెట్టించుకుంటే, వల నీళ్ళలో పడ్డాక ఇంజను తన చుట్లు అందుకోలేదు. గొట్టం నల్లటి పొగ కక్కుతుంది, డీజిలు తాగేస్తుంది. అందుకే అనుభవమున్న సరంగు ఫ్యాను ఎంచుకునేటప్పుడు వల బరువు ముందు తలచుకుంటాడు. నడిసముద్రంలో ఫ్యాను మార్చడం కుదరదు. కార్ట్‌కూ ట్రాక్ మధ్యలో పళ్ళు మార్చడం కుదరదు.

స్ప్రింగుల సంగతి కూడా చెప్పాలి. గట్టి స్ప్రింగు వేస్తే క్లచ్ ఆలస్యంగా పట్టుకుంటుంది, మెత్తటిది వేస్తే త్వరగా పట్టుకుంటుంది. మరీ త్వరగా పట్టుకుంటే ఇంజను బలం అందుకోకముందే బరువు మీద పడి ఉక్కిరిబిక్కిరవుతుంది. టార్క్ గరిష్ఠంగా వచ్చే చోటికి కాస్త కిందగా పట్టు మొదలవడం మంచిది. మరీ ఆలస్యమైతే ప్రతి కదలికలోనూ జారుడే. గవర్నరు తీసేసి ఇంజనును 3600 దాటించే పని మాత్రం చేయకండి. లోపలి కనెక్టింగ్ రాడ్ ఆ వేగానికి చేసింది కాదు. విరిగితే ముక్కలు కేసింగును చీల్చుకుని బయటికి రావచ్చు.

1956లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ గడ్డి కోసే యంత్రం ఇంజనుతో మొదటి కార్ట్ కట్టాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఎన్నో రేసు కార్ట్‌లకు క్లచ్ ఉండేది కాదు, తోసి స్టార్ట్ చేసేవాళ్ళు. మనకు ఆ కష్టం లేదు. బైకు ఇంజను వేసేవాళ్ళకు దాని క్లచ్చూ గేర్లూ దాంతోనే వస్తాయి, నిజమే. అక్కడా చివరి చైను పళ్ళ లెక్క తప్పదు. మంగినపూడి బీచి వైపు నల్ల ఒండ్రులో, మెత్తటి నేలలో నడపాలనుకుంటే ఈ సాదా క్లచ్ పనికిరాదు. స్కూటర్లలో ఉండే బెల్టు రకం వేసుకోండి. బరువు పెరిగినప్పుడు అది తనంతట తానే నిష్పత్తి మార్చుకుంటుంది.

కొనేటప్పుడు క్లచ్ రంధ్రం ఇంజను షాఫ్టుకు సరిపోయిందా, కీ గాడి కలిసిందా చూడండి. జీఎక్స్ 200కు ఎక్కువగా ముప్పావు అంగుళం షాఫ్టు ఉంటుంది. క్లచ్ పళ్ళూ ఇరుసు పళ్ళెమూ ఒకే చైను కొలతకు చెందినవి కావాలి. డ్రమ్ము బుష్‌లో ఒక్క చుక్క ఆయిలు వేయండి, షూల మీదికి మాత్రం పోనివ్వకండి. ముందు ఒక్క పన్ను మార్చడం, వెనక అయిదారు పళ్ళు మార్చడంతో సమానం. అందుకని వెనక 60తో పాటు 65 పళ్ళది కూడా ఒకటి కొని ఉంచుకోండి, దానికి సరిపడా చైను లింకులతో సహా. ట్రాక్ దగ్గర మొదట 60తో పది రౌండ్లు తిప్పి, చల్లారాక డ్రమ్ము రంగు చూడండి. నీలం మొదలైతే అక్కడే 65కు మార్చేయండి.