నుదుటి మీది రూపాయి

నాయన పోయిన పొద్దున అక్క ఆయన నుదుట రూపాయి బిళ్ళ పెట్టింది. జారింది. పసుపు తడిపి అంటించింది, మళ్ళీ జారింది. మూడోసారి బొటనవేలితో అట్లే అదిమి పట్టుకొని కూర్చుంది. అప్పటికి అక్కకు పదమూడేళ్ళు, నాకు పదకొండు. ఓర్వకల్లులో ఆ ఇల్లిప్పుడు లేదు గానీ, ఆ బొటనవేలు నా కళ్ళ ముందే ఉంది.

పోయిన వారం సి పామ్ జాంగ్ నవల ‘హౌ మచ్ ఆఫ్ దీజ్ హిల్స్ ఈజ్ గోల్డ్’ తెరిస్తే మొదట్లోనే ఆ వేలు గుర్తొచ్చింది. 2020లో వచ్చిన పుస్తకం, ఆ ఏడాది బుకర్ తొలి జాబితాలో నిలిచింది. అమెరికాలో బంగారం తవ్విన కొండల మధ్య ఒక చైనా కుటుంబం. లూసీకి పన్నెండేళ్ళు, సామ్‌కు పదకొండు. అమ్మ లేదు, రాత్రికి రాత్రి నాన్న కూడా పోయాడు. ఆయన కళ్ళ మీద పెట్టడానికి రెండు వెండి డాలర్లు కావాలి. ఇంట్లో లేవు. శవాన్ని పెట్టెలో పెట్టి, గుర్రం మీద వేసుకొని, పాతిపెట్టే చోటు కోసం ఇద్దరూ కొండలు పట్టి తిరుగుతారు.

నేను కథలు రాస్తాను. ప్రతీక అంటే వంటయ్యాక పైన చల్లే కొత్తిమీర అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఈ నవలలో నాణెం ముందు నాణెమే. ఆకలిగా ఉన్న పిల్లలకు దాంతో తిండి దొరుకుతుంది. అందుకే దాన్ని శవం కళ్ళ మీద పెట్టాలనుకోవడానికి అంత బరువు. పులీ అంతే. కొత్త ఇంట్లో దిగిన ప్రతిసారీ అమ్మ గుమ్మం దగ్గర మట్టిలో పులిబొమ్మ గీసేది, ఇంటిని కాస్తుందని. ఇది మనకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. సుగ్గికి వలస పోయిన మనోళ్ళు గుంటూరు మిరప చేల పక్కన పట్టల గుడిసె వేసుకొని, దాని ముందరా నీళ్ళు చల్లి ముగ్గేస్తారు. కోత అయిపోతే పీకేసే గుడిసె అది.

మా వైపూ జొన్నగిరి, తుగ్గలి చేలల్లో తొలకరి పడగానే జనం వజ్రాల కోసం వంగి వెతుకుతారు. సద్దిమూటలు, వెంట పిల్లలు. ఆ నేల కింద బంగారమూ ఉంది. అశోకుడి సువర్ణగిరి జొన్నగిరేనని కొందరు చరిత్రకారుల మాట. దగ్గర్లోని ఎర్రగుడి బండల మీద ఆయన శాసనాలున్నాయి. ఒక ఏడు ఆ వెతుకులాట నేనూ పోయి చూశాను. ఒక పాప మెరిసే రాయి ఏరి తమ్ముడి చేతిలో పెట్టి ‘దాయి’ అంది. పొద్దు గూకేదాకా వాడు పిడికిలి తెరవలేదు. ఆ పిడికిలిని కథలోకి తేవాలని ఎంత ప్రయత్నించినా ఇంతవరకూ నా చేత కాలేదు.

నవలలో నాన్న కూడా బంగారం వెతికి వెతికి బొగ్గు గనిలో తేలాడు. లూసీకి గుర్తున్నది ఆయన తాగుడు, దెబ్బలు. ఆడపిల్లగా పుట్టి మగపిల్లాడిగా బతికే సామ్‌కు ఆయనే లోకం. శవం ఒకటే, మోసేది మాత్రం ఇద్దరు తండ్రులను. అధ్యాయాల పేర్లూ తిరిగి తిరిగి అవే వస్తాయి: ఉప్పు, పుర్రె, గాలి, నీళ్ళు. వచ్చిన ప్రతిసారీ అర్థం మారిపోయి ఉంటుంది. నాన్న గాలై వచ్చి తన కథ చెప్పుకునే భాగం మాత్రం కొంచెం ఎక్కువ విప్పినట్టనిపించింది. అయినా ఆయన అమెరికా నేల మీదే పుట్టినవాడని తెలిసేది అక్కడే, నాకు గొంతు పట్టేసిందీ అక్కడే. 1882లో చైనా కూలీలు రాకుండా చట్టం తెచ్చిన దేశం అది.

పుస్తకం మూసి, నంద్యాలలో ఉన్న అక్కకు ఫోన్ చేశాను. నాయన నుదుటి బిళ్ళ మీద కథ రాస్తున్నానని, ఆ రూపాయి అమ్మ కొంగులోదే కదా అని అడిగాను.

కాసేపు పలకలేదు. ‘ఇంట్లో ఎక్కడుండె రూపాయి? నువ్వు తిరనాళ్ళకని ముంతలో దాచుకున్నది తీసినానప్పా. నీకు చెప్పల్యా’ అంది.